సారక్క చెయ్యి

మరాఠీ నేల మీది దుర్గాపూర్ బొగ్గుగని క్వార్టర్లలో తెలుగువాళ్ల ఇంట ఎవరికి కాన్పయినా సారక్కకు కబురు వెళ్లాల్సిందే. పసిగుడ్డుకు నీళ్లు పోయాలన్నా, కడుపుబ్బితే ఉగ్గు పట్టాలన్నా ఆమె చెయ్యే పడాలి. నేల మీద కాళ్లు చాపుకొని కూర్చుని, ఆ కాళ్ల మీద బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, ఎడమచేత్తో బుగ్గలు నొక్కి, కుడిచేత్తో ముక్కున్న చిన్న వెండి ఉగ్గుగిన్నె వంచిందంటే ఎంత మొండిఘటమైనా గుటుక్కున మింగి ఊరుకునేది. క్వార్టర్ల లైనులో దానికి 'సారక్క చెయ్యి' అని పేరే పడిపోయింది. పేరు చెడ్డది సుమండీ. ఒకసారి వచ్చిందంటే మనిషిని ఇంకేమీ నేర్చుకోనివ్వదు.

మనవడు చందుకు నాలుగో నెల నడుస్తుండగా కోడలు జ్యోతిలక్ష్మి మళ్లీ డ్యూటీలో చేరాల్సి వచ్చింది. ఆమెది బొగ్గు లారీలు తూచే కాంటా దగ్గర పని. లారీ వచ్చి కాంటా మీద నిలబడితే కంప్యూటర్లో బరువెక్కించి చీటీ ఇవ్వాలి. అంతమంది డ్రైవర్ల మధ్య ఆడపిల్లకు ఆ కుర్చీ ఎందుకని మూతి తిప్పినవాళ్లు లైనులో చాలామందే ఉన్నారు. సారక్కకు మాత్రం ఆ కుర్చీ అంటే గొప్ప. మొగుడు పోశం బతికినంత కాలం గనిలో తట్ట మోసి పోయాడు. ఇప్పుడు ఆ ఇంటి కోడలు తూచి పంపితే గాని బొగ్గు గేటు దాటదు. గొప్ప కాదూ మరి? కొడుకు ఎల్లేష్ సాస్తి గనిలో డంపర్ నడుపుతాడు, షిఫ్టు మీద షిఫ్టు, ఇంటిపట్టున ఉండేది తక్కువ. అందుకని పగలంతా చందు నాయనమ్మ చేతుల్లోనే ఉండాలి.

డ్యూటీలో చేరబోయే ముందు అత్తాకోడళ్లు పిల్లాణ్ణి తీసుకొని ఆసుపత్రికి వెళ్లారు. అక్కడి సిస్టర్ మరాఠీ ఆమె. తల్లి ఇంట్లో ఉన్నంతసేపు తల్లిపాలే, లేనప్పుడు డబ్బాపాలు, అవి కూడా చిన్న వాటీతో, అంటే గిన్నెతో పట్టాలి, సీసా జోలికి పోవద్దు అని చెప్పింది. సీసా మూలల్లో, రబ్బరు పీకలో పాలు ఇరుక్కుంటే కడగడం కష్టమట. పైగా సీసాలో కష్టపడకుండా పాలు వస్తాయి గనుక కొందరు పిల్లలు దానికి మరిగి తల్లి రొమ్మును వద్దంటారట. చెప్పి ఊరుకోలేదు. చందును ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకొని, వాటీ అంచును వాడి కింది పెదవికి ఆనించి ఆగింది. పొయ్యొద్దు, వాడే నాలుకతో అందుకుంటాడు, ఎంత తాగితే అంతే అంది.

సారక్కది బజారు మరాఠీయే అయినా అంతా అర్థమైంది. అర్థమై లోపల నవ్వుకుంది. పిల్లికూన ముందు పాలు పెట్టినట్టు పెడితే పసివాడు తాగుతాడా ఎక్కడైనా? తనకు ఉగ్గుపాలతో అబ్బిన విద్యను పెళ్లి కూడా కాని ఈ పిల్ల నేర్పడమేమిటి? ఆటోలో వచ్చేటప్పుడు ఆ మాటే అంటే జ్యోతి కూడా నవ్వింది. గిన్నె పట్టడం నీకెవలు చెప్పాలె అత్తమ్మా అంది. అలా ఇద్దరూ గిన్నె అన్నంతవరకే విన్నారు. నిటారుగా కూర్చోబెట్టమన్న మాట ఆటో దిగేసరికి ఇద్దరికీ గుర్తు లేదు.

జ్యోతి డ్యూటీలో చేరిన రోజు పొద్దెక్కాక చందు ఆకలికి ఏడుపు అందుకున్నాడు. సారక్క డబ్బాపాలు కలిపి, చల్లార్చి, మోచేతి మీద చుక్క వేసి చూసుకొని, ఎప్పటిలాగే కాళ్లు చాపుకొని కూర్చుంది. ఉగ్గు అంటే రెండు మూడు చుక్కల వ్యవహారం. ఇది కడుపు నిండా పట్టాల్సిన పాలు. ఆ తేడా ఆమె బుర్రకు తట్టలేదు. బుగ్గలు నొక్కి గిన్నె వంచింది. ఒక గుటక మింగాడు. ఇంకో గుటక కూడా మింగాడు. వాడు ఊపిరి తీసుకునేలోపే చెయ్యి మళ్లీ వంగింది.

పొలమారింది. పాలు ముక్కులోంచి వచ్చాయి. వాడు ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. నోరు తెరిచాడు గాని చప్పుడు రాలేదు, మొహం కమిలి నల్లబడింది, కళ్లు నాయనమ్మ వైపే చూస్తున్నాయి. సారక్క వాణ్ణి చటుక్కున ముంజేతి మీద బోర్లా వేసుకొని వీపు మీద చరిచింది. మళ్లీ చరిచింది. తల్లీ సమ్మక్కా అని మొక్కింది. చివరికి వాడు పాలు కక్కి కెవ్వుమన్నాడు. ఆ కేక విని సారక్క గోడకు చేరగిలబడి, వాణ్ణి గుండెకు అదుముకొని, వాడికంటే ఎక్కువగా ఏడ్చింది. వాడు ఏడ్చి ఏడ్చి నిద్రపోయాక కూడా ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందో లేదో చూస్తూనే ఉంది.

సాయంత్రం జ్యోతి చెప్పులైనా విప్పకుండా లోపలికి వచ్చి, మంచిగ తాగిండా అత్తమ్మా అని అడిగింది.

"బంగారం లెక్క తాగిండు" అంది సారక్క.

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. నోట్లో సిద్ధంగా ఉన్నట్టు వచ్చేసింది. ఒకసారి వచ్చాక ఇంక వెనక్కి తీసుకోవడం ఎక్కడ? అవతల జ్యోతి మొహం వెలిగిపోయింది. రోజంతా కాంటా దగ్గర మనసు ఒక దగ్గర నిలవలేదట, ఇప్పుడు ప్రాణం కుదుటపడిందట.

మర్నాడు సారక్క ఉగ్గుగిన్నె చేతిలోకి తీసుకొని, కింద పెట్టి, మళ్లీ తీసుకుంది. కాళ్ల మీద పడుకోబెట్టగానే పిల్లవాడు కూడా పెదవులు బిగించి తల అటూ ఇటూ తిప్పేశాడు. ఆకలి ఏడుపు ఒకవైపు, గిన్నె అంటే భయం ఒకవైపు. ఇప్పుడేం చేస్తుంది? పిల్లవాణ్ణి పక్కింటి గౌరమ్మకు ఒక్క చిటికె చూడమని అప్పగించి, నాకా కూడలి దగ్గర మందుల దుకాణానికి పరుగులాంటి నడక నడిచి పాలసీసా కొనుక్కొచ్చింది. దుకాణంవాడు పిన్నిని పిలిచినట్టు, ఎవరికి మావశీ అని అడిగితే చుట్టాలింటి పిల్లకు అంది. ఇది రెండో అబద్ధం.

సీసా నోటికి అందించగానే చందు కళ్లు మూసుకొని ఆబగా తాగేశాడు. ఇల్లంతా చల్లబడింది. అయ్యో, దీనికోసమా ఇంత గొడవ అనుకుంది సారక్క. లైనులో సగంమంది పిల్లలు సీసాతోనే పెరుగుతున్నారు గదా అనుకుంది. అలా అనుకుంటూనే జ్యోతి వచ్చే వేళకు సీసాను వేడినీళ్లలో మరగబెట్టి, బట్టలో చుట్టి, బియ్యం డబ్బాలో అడుగున పెట్టింది. తప్పు లేకపోతే దాచడమెందుకు? ఆ ప్రశ్న ఆమెకూ వచ్చింది. జవాబు వెతక్కుండా డబ్బా మూత పెట్టేసింది.

కొన్నాళ్లు బాగానే గడిచింది. ఆ తర్వాత ఒక సాయంత్రం జ్యోతి వచ్చి ఒళ్లోకి తీసుకుంటే చందు రొమ్ము అందుకున్నట్టే అందుకొని వదిలేశాడు. మళ్లీ అందిస్తే ఒళ్లు విల్లులా వంచి ఏడ్చాడు. ఎండకు చికాకుగా ఉందేమోలే అనుకున్నారు. మర్నాడూ అదే. ఆ తర్వాత సాయంత్రం వాడు తల్లి రొమ్మును చిన్న చేత్తో నెట్టేసి, మొహం తిప్పి నాయనమ్మ వైపు చూశాడు. జ్యోతి రవిక పాలతో తడిసిపోతోంది, పిల్లవాడు మాత్రం ఆకలితో గుక్కపెడుతున్నాడు. సారక్కకు ఆసుపత్రిలో సిస్టర్ చెప్పిన మాట అక్షరం పొల్లుపోకుండా అప్పుడు గుర్తొచ్చింది. నవ్వి వదిలేసిన మాటలే ఆపదలో ముందు గుర్తొస్తాయి కాబోలు.

తర్వాత సలహాలు మొదలయ్యాయి. దిష్టి తీశారు. రాత్రిళ్లు జ్యోతి చెంచాతో పట్టిన డబ్బాపాలతోనే వాడి ఆకలి కాస్త తీరేది. గౌరమ్మ వచ్చి, తల్లి ఇల్లు విడిచి పోతే పసిపిల్లలు అలుగుతరు, అలిగితే రొమ్ము ముట్టరు అని చెప్పి పోయింది. ఏదో మాటవరసకు అన్న మాట. జ్యోతికి అది గుండెలో గుచ్చుకుంది. ఆ రాత్రి నుంచి ఆమెకు అదే ధ్యాస. నేనే ఇడిచిపెట్టి పోతిని, వాడు నన్ను ఇడిచిపెట్టిండు అని గోడతో చెప్పుకున్నట్టు చెప్పుకునేది. పాలు తగ్గాయేమోనని వెల్లుల్లి కారం తింది, సొరకాయ తింది, జొన్న అంబలి తాగింది. అవన్నీ చేసి పెట్టింది ఎవరు? సారక్కే. ఏ జబ్బూ లేని మనిషికి మందు వండిపెడుతున్నట్టు, పొయ్యి ముందు నిలబడి వెల్లుల్లి దంచుతుంటే కళ్లలో నీళ్లు తిరిగేవి. కారం ఘాటు అనుకోవడానికి వీలుగా ఉండేది.

దొంగకు తేలు కుట్టినట్టంటారే, అచ్చం అలాగే ఉంది ఆమె బతుకు. ఎవరైనా బియ్యం డబ్బా వైపు అడుగేస్తే తానే ముందు వెళ్లి అడ్డం నిలబడేది. అన్నం తాను తప్ప ఎవరూ వండకుండా చూసుకునేది. చెప్పేద్దామని ఎన్నోసార్లు నోరు తెరిచింది. సీసా సంగతి చెబితే సీసా ఎందుకు పట్టావంటారు. ఎందుకంటే పొలమారింది. పొలమారిన పిల్లవాడు ఆ రోజు మళ్లీ ఊపిరి తీసుకోకపోయి ఉంటే? అక్కడికి వచ్చేసరికి నోరు మూతపడేది. ఎల్లేష్ షిఫ్టు దిగి వచ్చినరోజు పెళ్లాన్ని ఓదార్చబోయి, నువ్వేం ఫికర్ చెయ్యకు, పగటిపూట మా అవ్వ చేతిల వాడు మహారాజు లెక్క ఉంటుండు అన్నాడు. సారక్క ఎంగిలి కంచం తీసుకొని పెరట్లోకి వెళ్లిపోయింది. తిట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

ఒక సాయంత్రం జ్యోతి ఎప్పటికంటే ముందుగా వచ్చింది. చెయ్యీ కాలూ కడుక్కొని, వాకిట్లో చాప వేసుకొని, చందును ఒళ్లో పెట్టుకొని రొమ్ము అందించింది. వాడు ఏడ్చాడు. పాట పాడింది. ఏడ్చాడు. అటు తిప్పింది, ఇటు తిప్పింది. వాడు నెట్టేశాడు. అప్పుడు జ్యోతి వాణ్ణి తీసి సారక్క ఒళ్లో పెట్టి, కొంగు సరిచేసుకొని, చాలా మామూలుగా చెప్పింది. రేపు కాంటా దగ్గరికి పోయి మానుకుంటున్నానని చెప్పి వస్తుందట. సూపర్‌వైజర్‌కు ఫోన్ కూడా చేసిందట. తన కొడుకు తనను వద్దనుకునేంత దూరం పోయే కొలువు తనకు అక్కర్లేదట. చెబుతున్నంతసేపూ ఆమె ఏడవలేదు. ఏడ్చి ఏడ్చి ఒక నిర్ణయానికి వచ్చిన మనిషి గొంతు అది. సారక్క ఆ గొంతు వినలేకపోయింది. పిల్లవాణ్ణి భుజాన వేసుకొని లోపలికి పోయి, బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, సీసా తెచ్చి కోడలి ముందు చాప మీద పెట్టింది.

"వానికి పగటిపూట దీంతోనే పడుతున్న బిడ్డా. రెండో రోజు నుంచి గిట్లనే. సిస్టర్ వద్దన్నది, తెలుసు. దీనికి అలవాటు పడే నీ దగ్గర తాగుతలేడు. నీ తప్పు ఏం లేదు."

జ్యోతి సీసా వైపు చూసింది. అత్త వైపు చూసింది. విరుచుకుపడుతుందని సారక్క తల వంచుకుంది. కాని జ్యోతి గొంతు చిన్నపిల్ల గొంతులా వచ్చింది.

"అయితే వాడు నా మీద అలగలేదా అత్తమ్మా?"

అని ఒక్కసారిగా నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. కొడుకును లాక్కొని బుగ్గలు, నెత్తి, అరికాళ్లు ముద్దులతో ముంచేసింది. సారక్కకు అప్పుడు తెలిసింది తాను చేసిన పని ఎంతటిదో. ఇన్నాళ్లుగా ఈ పిల్ల రాత్రింబవళ్లు కుమిలిపోయింది ఒక్క మాట కోసం. ఆ మాట తన దగ్గరే ఉంది. ఏ పూట కావాలన్నా ఇవ్వగలిగేది. ఇవ్వకుండా వెల్లుల్లి దంచి పెట్టింది.

జ్యోతికి కోపం కూడా రాలేదు. వచ్చిన సంతోషంలో కోపానికి చోటు లేదు. కొలువు మాననంది. సీసా అవతల పారేద్దామంది. "రేపటి సంది నీ ఉగ్గుగిన్నెతోనే పట్టు అత్తమ్మా. గీ సీసలు గీసలు మనకెందుకు? నీ చెయ్యి నాకు తెల్వదా?" అంది.

ఇక్కడితో ఊరుకుంటే సరిపోయేది. క్షమించడం అయిపోయింది, కొలువు నిలబడింది, ఇంకో మాట చెప్పమని అడిగినవాళ్లు లేరు. సారక్క కూడా మనిషే, ఊరుకుందామనే అనుకుంది. కాని రేపు పొద్దున మళ్లీ అదే గిన్నె, అవే కాళ్లు, వాడి మొహం అలా నల్లబడటం కళ్ల ముందుకు వచ్చాయి.

"నా చెయ్యి వద్దు బిడ్డా" అంది. తర్వాత మొత్తం చెప్పింది. కాళ్ల మీద పడుకోబెట్టడం, గిన్నె వంచడం, పొలమారడం, ముక్కులోంచి పాలు రావడం, చప్పుడు లేకపోవడం, ఏదీ దాచలేదు.

జ్యోతి నవ్వు మెల్లగా చెదిరిపోయింది. చందును రెండు చేతులతో దగ్గరికి పొదువుకుంది.

"ఎన్నడు?"

"నువ్వు డ్యూటీల చేరిననాడే."

"ఆనాడు నేనొచ్చి అడిగిన." జ్యోతి ఒక్కో మాటే అంది. "బంగారం లెక్క తాగిండన్నవు."

జ్యోతి పిల్లవాణ్ణి ఎత్తుకొని లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. ఎల్లేష్ షిఫ్టులో ఉన్నాడు, ఆ పూట ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు. చీకటి పడినా సారక్క ఆ చాప మీదే కూర్చుని ఉంది. లోపల ఇంట్లో మనవడు దగ్గితే లేచి తలుపు దాకా వెళ్లి, తలుపు తోసే ధైర్యం లేక వెనక్కి వచ్చింది.

పొద్దున్నే లేచి సారక్క రెండు చీరలు సంచిలో పెట్టుకుంది. గోండ్‌పిప్రిలో కూతురుంది, బస్సెక్కితే అన్నం వేళకు చేరిపోవచ్చు. పొమ్మని కోడలి నోటితో అనిపించుకోవడం కంటే అదే మర్యాద అనుకుంది. జ్యోతి పిల్లవాణ్ణి ఎత్తుకొని బయటికి వచ్చి సంచి వైపు చూసింది. ఏమిటని అడగలేదు. ఇవాళ సెలవు పెట్టానని, సిస్టర్ దగ్గరికి పోవాలని, చెప్పులు వేసుకోమని అంది.

ఆసుపత్రిలో సిస్టర్ పిల్లవాణ్ణి చూసి, ఏమైందని అడిగింది. జ్యోతి అత్త వైపు తిరిగి ఎదురుచూసింది. చెప్పాల్సింది తానేనని సారక్కకు అర్థమైంది. తాను ఆనాడు లోపల నవ్వుకున్న పిల్ల ముందే, వచ్చిన మరాఠీలో, తడబడుతూ, అంతా చెప్పింది. చెప్పడం అయ్యేసరికి చెమటతో వీపు తడిసింది. సిస్టర్ కసురుకోలేదు. డాక్టరుతో పిల్లవాడి ఛాతీ చూపించింది, ఏమీ లేదన్నారు. రొమ్ము మళ్లీ అందుకుంటాడా అని జ్యోతి అడిగితే, చాలామంది అందుకుంటారు, ఓపిక పట్టాలి, వాడు నిద్రమత్తులో ఉన్నప్పుడు అందించి చూడు, మాట మాత్రం ఇవ్వలేను అంది. తర్వాత చందును తెచ్చి సారక్క ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టి, స్టీలు వాటీ చేతికిచ్చింది. జ్యోతి ఎదురుగా స్టూలు మీద కూర్చుంది.

సారక్క వాటీ అంచు పెదవికి ఆనించి ఆగింది. వంచాలని చెయ్యి లాగుతోంది, ఇన్నేళ్ల అలవాటు మరి, బలవంతాన ఆపుకుంది. చందు ముందు పెదవులు బిగించాడు. కాసేపటికి నాలుక కొస బయటపెట్టి అందుకున్నాడు. చప్పరించి ఆగాడు. మళ్లీ అందుకున్నాడు. సగం పాలు గడ్డం మీదుగా సారక్క చీర మీదే కారాయి. వాటీ ఖాళీ కావడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ జ్యోతి కళ్లు అత్త చేతి మీద నుంచి కదల్లేదు. కాంటా మీద లారీని చూసినట్టే చూసింది.

బయటికి వచ్చి ఆటో కోసం నిలబడ్డప్పుడు సారక్క ఉండబట్టలేకపోయింది.

"తిట్టు బిడ్డా. ఒక్క మాటన్న తిట్టు. నీకు దండం పెడత."

జ్యోతి కొడుకు మెడ కింద తడి తుడిచింది. చెప్పేటప్పుడు ఆమె మొహంలో కోపం గాని, దయ గాని కనిపించలేదు. అలసట ఒక్కటే ఉంది.

"నేను తిడితే నువ్వు గోండ్‌పిప్రి బస్సెక్కుతవు. రేపు నేను డ్యూటీకి పోతే వీణ్ణి ఎవలు పట్టుకుంటరు? నిన్ను తిట్టేటంత దిక్కు నాకు లేదు అత్తమ్మా."

అని చందును తెచ్చి, నిటారుగా, సారక్క చేతుల్లో పెట్టింది.